మూడు చెంచాల మనిషి

మొన్న ఒకాయన మా మెడికల్ షాపుకు వచ్చి గాజు డ్రాపర్ ఉందా అని అడిగాడు. చెవిలో చుక్కలు వేసుకోవడానికట. ఇప్పుడన్నీ ప్లాస్టిక్‌వే వస్తున్నాయని చెప్పి పంపించేశాను. ఆయన మలుపు తిరిగాక కౌంటర్ కింద సొరుగు లాగి చూశాను. మూలన ఒకటి ఉంది. ఉందని నాకు ముందే తెలుసు. ఇవ్వబుద్ధి కాలేదు, అంతే.

అది ఇంకొకరి కోసం, ఆయన దగ్గరున్నది పగిలితే ఉంటుందని, తెప్పించి పెట్టుకున్నది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో ఆయన గురించి నేను ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆయన సంగతి చెబితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. ఈ రోజు షాపులో బేరం లేదు, బయట ఉప్పుగాలి కొడుతోంది. రాసేస్తున్నాను.

విడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. బస్సు ఆగేచోట నా షాపు, దానికి నాలుగిళ్ళ అవతల మా చర్చి. నేను ఆ సంఘానికి సెక్రటరీని. మా సంఘంలో తాగుడు కూడదు. తాగేవాళ్ళు ప్రతి నెలా మొదటి ఆదివారం ఇచ్చే ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టెముక్క, ద్రాక్షరసం, తీసుకోకూడదు. రూల్సు పుస్తకంలో ఆ ముక్క నా చేతిరాతతోనే ఉంది. పాత పుస్తకానికి చెదలు పడితే నేనే కూర్చుని కొత్తదాంట్లోకి ఎక్కించాను.

ఆయన మొదటిసారి షాపుకు వచ్చిన రోజు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందులో ఇద్దరు మా సంఘంవాళ్ళు. ఈయన కూడా మావాడే. సరుకు ఓడల్లో వంటమనిషిగా తిరిగి తిరిగి, ఆ మధ్యనే ఊళ్ళో ఇల్లు కట్టుకుని దిగాడు. అందరూ షిప్పాయన అనేవారు. తెల్లచొక్కా, నున్నగా గీసిన గడ్డం, డెబ్బైకి దగ్గరపడినా నిటారుగా ఉండే మెడ.

"గాజు డ్రాపర్ ఉందా అబ్బయా?"

ప్లాస్టిక్‌ది తీసి ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"ఇది వాసన కొడతా ఉండాది. గాజుదే కావాల."

"దేనికి సార్? కంటికా, చెవికా?"

"విస్కీకి," అన్నాడు.

మా ఊళ్ళో ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు. రోజూ తాగేవాడు కూడా 'కొంచెం పనుంది' అని లేచిపోతాడు తప్ప పనేమిటో చెప్పడు. ఈయన జలుబు మాత్ర అడిగినంత తేలిగ్గా అనేశాడు. సంఘంవాళ్ళు ఇద్దరూ నా మొహం చూశారు. నేను అలమరాలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

ఆయనకు అదేమీ పట్టలేదు. "నీళ్ళు ఎక్కువ పోస్తే అది చచ్చిపోతాది అబ్బయా. అసలు పొయ్యకపోతే నోరు తెరవదు. మూడే మూడు చుక్కలు పడాల," అని చేత్తో చూపించాడు. "నెల్లూరు నించి తెప్పించు. తెప్పించినాక నువ్వే తీసుకోని రా. శనివారం అయిదింటికి రా. సెంటు కొట్టుకోని రాబాక."

నేను అంతకు ముందు తాగనివాణ్ణి అంటే అబద్ధం. నెల్లూరులో ఎవరి పెళ్ళికో పోయినప్పుడు, కారు అద్దాలు ఎక్కించుకుని, కూల్‌డ్రింకులో కలుపుకుని గబగబా మింగి, నోట్లో ఏలక్కాయ వేసుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి భోజనాల వరుసలో కూర్చునే రకం. రుచి ఏమిటంటే చెప్పలేను. దొరికిపోతానేమోనన్న భయం రుచే నాకు బాగా తెలుసు.

శనివారం డ్రాపర్ జేబులో వేసుకుని, బి.పి. మిషను సంచీ చేతపట్టుకుని బయల్దేరాను. పెద్దాయనకు బి.పి. చూసి వస్తానని ఇంట్లో చెప్పాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అదే చెప్పాను. పూర్తిగా అబద్ధం కాకుండా ఉండాలని పోయిన ప్రతిసారీ ముందు బి.పి. చూసేవాణ్ణి కూడా. మనిషి తనకు తాను ఎన్ని ఏర్పాట్లు చేసుకుంటాడో.

మెట్ల దగ్గరే ఆపేశాడు. "షాపు నించి వస్తా ఉండావు, స్పిరిట్ వాసన," అని శెనగపిండి ఇచ్చి చేతులు తోముకోమన్నాడు. తను శనివారం పూట సబ్బు వాడడట. ఆయన భార్య మెట్ల మీద చేటలో ఎండురొయ్యలు పెట్టుకుని తలలు తుంచుతోంది. ఆయన ఒక్క చూపు చూసేసరికి చేట ఎత్తుకుని గాలి పోయే వైపుకు మారి కూర్చుంది. చాలాకాలంగా ఇద్దరికీ అలవాటైన పనని తెలిసిపోతోంది.

పడమటి వైపు వసారాలో స్టూలు, దాని మీద మూతి బిగించినట్టుండే చిన్న గాజు గ్లాసులు రెండు, ఒక చెంచా, ఉప్పు వేయని గంజి ఒక గిన్నెలో. సీసాకు తువ్వాలు చుట్టి ఉంది. నంజుకోవడానికి ఏమైనా వస్తుందేమోనని లోపలికి చూశాను.

"అదేం రాదు," అన్నాడు. "కారప్పూస తింటా తాగితే కారప్పూసే తెలస్తాది. గంజి పుక్కిలించు. నోరు శుభ్రపడాల."

"సీసాకి తువ్వాలెందుకన్నా?"

"పేరు చూస్తే ముక్కు పనిచెయ్యదు. పేరునే వాసన చూస్తావు."

చెంచాతో కొలిచి పోశాడు. ఎండ ఎదురుగా గ్లాసెత్తి రంగు చూపించాడు. సాయంత్రపు ఎండ ఉండగానే ఈ పని అయిపోవాలి, లైటు వేశాక ఆయన వసారాలో మూత తీసిన సీసా నేను ఎన్నడూ చూడలేదు. డ్రాపర్‌తో మూడు చుక్కలు నీళ్ళు వేసి, గ్లాసు నాకిచ్చి, "ఏం తెలిసింది?" అన్నాడు.

"ఘాటుగా ఉందన్నా."

"అది సీసా మీదే రాసుంటాది, నువ్వు చెప్పబళ్ళా. ముక్కు లోపలికి దోపబాక. గ్లాసు గడ్డం కాడ పెట్టుకోని, నోరు కొంచెం తెరిచి పీల్చు. తొందరేముండాది."

మూడోసారి పీల్చినప్పుడు ఉలిక్కిపడ్డాను. ఎక్కడో బాగా ఎరిగిన వాసన. "అన్నా, ఇది మా షాపులో టింక్చర్. దెబ్బకి పూసి కట్టు కడతామే, ఆ దూది."

ఆయన మొహం చూడాలి. లేచి నిలబడి, "ఇదిగో, అబ్బయ్యకి ముక్కుండాది," అని భార్యను కేకేశాడు. యాభై ఏళ్ళ వయసులో నా ముక్కును ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. నాకు ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఘాటు వల్ల అనుకున్నాడేమో ఆయన.

వదిన చీరకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె చుక్క తాగదు. గ్లాసు వాసన మాత్రం చూస్తుంది. చూసి, "మా నాయన పడవ తిరగేసి అడుగున తారు పూసేవాడు జూడు, ఎండలో," అంది. అని తన రొయ్యల దగ్గరికి తను వెళ్ళిపోయింది.

"మన ఇద్దరికన్నా దానిదే ముక్కు," అన్నాడాయన మెల్లిగా.

ఆ సీసా స్కాట్లండు పక్కన ఏదో దీవిదట. అక్కడ బార్లీ గింజను ఎండిన మట్టిపెళ్ళలు కాల్చి ఆ పొగలో ఆరబెడతారట, ఆ పొగే ఇదంతా అన్నాడు. ఆ తర్వాత ఎన్ని సీసాలు చూశామో. ఓడల్లో ఆయనతో పనిచేసినవాళ్ళు సెలవుల్లో ఇటు వస్తే ఒకటి పట్టుకొచ్చేవారు. ద్రాక్షసారాయి నిలవబెట్టిన పీపాల్లో పెట్టింది ఒకటి వచ్చింది, అందులో ఎండుద్రాక్ష, క్రిస్మస్ కేకు. అమెరికాలో మొక్కజొన్నతో చేసేది వచ్చింది, అది పీల్చి నేను ఐస్‌క్రీం అంటే ఆయన పచ్చికొబ్బరి అన్నాడు, ఆ తగవు నెల రోజులు నడిచింది. మన దక్షిణాదిలోనే ఎండకు పండిన ఒక సీసాలో నేను మామిడితాండ్ర పట్టుకున్నాను. ఆ వారం అంతా షాపులో ఉషారుగా ఉన్నాను.

ఒకసారి ఎవరో వేళాకోళానికి ఊళ్ళో బ్రాందీషాపులో దొరికే చవక సరుకు తెచ్చి ఇచ్చారు. ఆయన పారబోయలేదు. దానికీ తువ్వాలు చుట్టాడు, దానికీ చెంచాతో కొలిచాడు, మూడు చుక్కలు నీళ్ళేశాడు. చాలాసేపు పీల్చి గ్లాసు కింద పెట్టాడు. "కాల్చిన పంచదార తప్ప ఇంకేం లేదు. దాని తప్పు గాదు అబ్బయా. దానికెవురూ ఏం నేర్పలా," అన్నాడు. తిట్టినట్టు కాదు, నిజంగానే జాలిపడ్డాడు.

మూడు చెంచాలు అయ్యాక మూత బిగించేవాడు. నాలుగోది నేను ఎన్నోసార్లు అడిగాను. "చాలు. ఇంక నాలుక మన మాట వినదు," అనేవాడు. ఒక్కో సీసా ఏడాది పైన వచ్చేది. నేను ఎరిగిన తొమ్మిదేళ్ళలో ఆయన మాట తడబడటం గాని, అడుగు తప్పడం గాని చూడలేదు.

ఇలా తాగే మనిషి తాగుబోతుల లెక్కలోకి ఎలా వచ్చాడో చెప్పాలి. ఆయన వచ్చిన కొత్తలో మాకు వేరే పాస్టరుగారు ఉండేవారు, గట్టి మనిషి. ఒక మొదటి ఆదివారం బల్ల ఇచ్చే ముందు, "మీలో తాగుడు అలవాటున్నవాళ్ళు లేచి నిలబడండి. దేవుడు చూస్తున్నాడు," అన్నారు. గుడి నిండా మగవాళ్ళున్నారు. వాళ్ళలో సగం మంది రాత్రి ఎక్కడున్నారో మిగతా సగానికి తెలుసు. ఎవరూ కదల్లేదు. చివరి బెంచీలోంచి షిప్పాయన లేచి నిలబడ్డాడు. ఆయనొక్కడే. తెల్లచొక్కా గుండీలు సర్దుకుని మరీ నిలబడ్డాడు. నేను ముందు వరుసలో, బల్ల పక్కనే కూర్చుని ఉన్నాను. అప్పటికి ఆయన వసారాకు నేను పోతూ నాలుగు నెలలైంది.

ఆ రోజు నుంచి ఆయనకు బల్ల లేదు. ప్రసంగం అయ్యేదాకా లోపల కూర్చునేవాడు. బల్ల మొదలయ్యేసరికి లేచి, బయట కిటికీ కింద అరుగు మీద చెప్పుల మధ్య కూర్చునేవాడు. మేం లోపల తీసుకునేవాళ్ళం. వదిన ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చి తీసుకునేది. అయ్యాక ఆయన లోపలికి వచ్చి చివరి పాట అందరితో కలిసి పాడేవాడు, మంచి గొంతు.

"ఎందుకు లేచావన్నా?" అని ఒక శనివారం అడిగాను.

"అడిగినాడు గదా."

"నన్నూ అడిగాడు."

ఆయన నా వైపు చూడకుండా గ్లాసు తుడుచుకుంటూ, "నీకు షాపుండాది. సెక్రటరీ పనుండాది. పిల్లలుండారు. నాకేముండాది, లేస్తే లేచినా," అన్నాడు. నా తరఫున సాకులు ఆయనే వెతికి ఇచ్చాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఇంకో అలవాటుంది ఆయనకు. మొదటి ఆదివారానికి ముందు వచ్చే శనివారం నాకు పోసేవాడు కాదు. "రేపు నీకు బల్లుండాది. ఈ పొద్దు వద్దు. గంజి తాగి పో," అనేవాడు. ఆయనకు లేని బల్లను నాకోసం శుభ్రంగా కాపాడేవాడు. నేను గంజి తాగి, బి.పి. చూసి వచ్చేవాణ్ణి.

రెండేళ్ళ కిందట మే నెలలో జరిగింది ఇంకా నవ్వూ, సిగ్గూ కలిపి గుర్తొస్తుంది. బల్లకు ద్రాక్షరసం మా ఇంట్లోనే కాస్తుంది మా ఆవిడ. ఆ నెల కాచి, సీసాలో పోసి, శుక్రవారమే చర్చి బీరువాలో పెట్టేశాం. మా ఎండలు తెలిసినవే. ఆదివారం చిన్న చిన్న కప్పుల్లో పోసి ట్రేలో పట్టుకుని నేనే వరుసల్లో తిరిగాను. ముసలమ్మలు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న పిల్లలు, తాగుడు మీద వాక్యం చెప్పే పెద్దలు, అందరూ భక్తిగా తాగారు. ఒకరిద్దరు కళ్ళు చికిలించారు. ఈసారి రసం కొంచెం చురుగ్గా ఉంది అనుకున్నాం.

ఆరాధన అయ్యాక ఆయన నన్ను చెట్టు పక్కకు పిలిచాడు. ఖాళీ కప్పుల ట్రే ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"రసం పులిసింది అబ్బయా. మూడు రోజులైనట్టుండాది. పొంగొచ్చేసింది."

"నీకెట్ట తెలుసు? నువ్వు బయటున్నావు గదా."

"కిటికీలోంచి వాసనొచ్చింది. పైనెల ఫ్రిజ్జులో పెట్టమని చెప్పు," అన్నాడు.

ఆ రోజు మా సంఘం మొత్తం కొద్దో గొప్పో సారాయి తాగింది, తాగకుండా మిగిలినవాడు ఈయనొక్కడే. ఇంకొకడైతే ఆ ముక్క పట్టుకుని ఊరంతా తిరిగేవాడు. ఈయన నవ్వనైనా నవ్వలేదు. మా ఆవిడ బాధపడుతుందని ఆమెకు కూడా చెప్పొద్దన్నాడు. ఆ సంగతి నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు రాస్తున్నాను కనక మీకు తెలిసింది.

పోయిన ఏడాది వానాకాలంలో ఆయన గుండె నీరసించింది. కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరాడేది కాదు, మూడు దిళ్ళు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నెల్లూరు డాక్టర్లు ఎప్పుడో పాత జ్వరంతో కవాటం పాడైందన్నారు. మందులన్నీ నా షాపు నుంచే పోయేవి, అది తాగుడు జబ్బు కాదని నాకు బాగా తెలుసు. ఊళ్ళో మాత్రం తాగి తాగి తెచ్చుకున్నాడన్నారు. నా కౌంటర్ ముందర నిలబడే అన్నారు. నేను చిల్లర ఇస్తూ విన్నాను.

ఒక మధ్యాహ్నం మాత్రలు ఇవ్వడానికి పోతే నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"అబ్బయా, ఒక్కసారి బల్ల తీసుకోవాలని ఉండాది. అయ్యగార్ని అడగతావా?"

ఆయన నన్ను అడిగింది ఆ డ్రాపర్ తర్వాత ఇదొక్కటే.

ఇప్పటి పాస్టరుగారు కుర్రవాడు, కావలి వైపు మనిషి, మెత్తనివాడు. విని, "నాకు ఇవ్వాలనే ఉందన్నా. కానీ బల్ల ఆగిపోయినవాళ్ళు ముందు తప్పు ఒప్పుకోలు చెయ్యాల కదా. రూల్ మీకు తెలీనిదా," అన్నారు. తెలుసు, నా చేతిరాతే.

తిరిగి ఆయన దగ్గరికి పోయి బతిమాలాను. "ఒక్క మాటన్నా. తప్పే అని ఒక్క మాట అనెయ్యి. అయ్యగారు ఇచ్చేస్తారు."

"ఆయన బల్ల దగ్గరికి అబద్ధంతో పొమ్మంటావా?" అని అడిగాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగి, కళ్ళు మూసుకున్నాడు.

బుధవారం పొద్దున పదకొండింటికి పాస్టరుగారు నల్లపెట్టె పట్టుకుని వచ్చారు. నేను మంచం కాళ్ళ వైపు స్టూలు మీద, ఒళ్ళో బి.పి. మిషను సంచీ. వదిన తలుపు దగ్గర నిలబడింది. వాక్యం చదివి, రొట్టె విరిచి ప్రార్థన చేసి, చిన్న కప్పులో రసం పోసి, పాస్టరుగారు మెల్లిగా అడిగారు.

"పెద్దయ్యా, తాగుడు విషయంలో పశ్చాత్తాపపడుతున్నారా?"

ఆయన చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అయ్యగారూ, నా పాపాలు శానా ఉండాయి. మా అమ్మ పోతా ఉంటే ఓడ దిగి రావచ్చు, రాలా. నా కింద పనిచేసేవాణ్ణి ఒకణ్ణి అన్యాయంగా పనిలోంచి తీసేయించినా. దీన్ని అన్నేళ్ళు ఒంటిగా వదిలేసి తిరిగినా. వీటికి ఏడస్తానే ఉండా. ఆ మూడు చెంచాలకి మాత్రం ఏడుపు రావడంలా. రాకపోతే నేనేం చేసేది?"

"ఒక్క మాట అనండి పెద్దయ్యా. చాలు."

"అనొచ్చు. ఆయన వింటా ఉంటాడు గదా."

పాస్టరుగారు తల వంచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "అన్నా, మీరు సెక్రటరీ. మీరు సరేనంటే నేను ఇచ్చేస్తా. కమిటీకి నేను చెప్పుకుంటా."

అంతే కావాల్సింది. 'ఇవ్వండి అయ్యగారూ' అంటే చాలు. నా తాగుడు సంగతి చెప్పుకోనక్కర్లేదు, దేన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఆయన నన్నే చూస్తున్నాడు. వదిన నన్నే చూస్తోంది. ఎల్లుండి కమిటీలో ఎవరో ఒకరు లేచి, సెక్రటరీ ఎందుకు ఒప్పుకున్నాడు, ప్రతి శనివారం ఆ ఇంటికి ఎందుకు పోతాడు అని అడిగినట్టు, మా ఆవిడ ఆడవాళ్ళ వరుసలోంచి తలెత్తి చూసినట్టు నాకు కళ్ళకు కట్టింది. సంచీ పట్టీ చేతికి చుట్టుకున్నాను.

"రూల్ ప్రకారం పోదాం అయ్యగారూ," అన్నాను.

ముందు ఆయనే మాట్లాడాడు. "సరే. అబ్బయ్యని ఇబ్బంది పెట్టబాకండి," అన్నాడు.

ప్రార్థన చేసి విరిచింది తిరిగి పెట్టెలో పెట్టే ఆచారం మాకు లేదు. పాస్టరుగారు వదిన వైపు చూశారు. "పొయ్యి మీద పాలుండాయి," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు గాని, పాల వాసన గాని నాకు తెలియలేదు. పాస్టరుగారు తను తీసుకుని, మిగిలింది నాకిచ్చారు. నేను తీసుకున్నాను. ఆయన మంచం పక్కన, ఆయన కళ్ళ ముందర తీసుకున్నాను. రసం నోట్లో ఉండిపోయింది.

"మింగబ్బయా," అన్నాడాయన దిండు మీద నుంచి.

మింగాను. శనివారం తెల్లవారక ముందే ఆయన పోయాడు.

బల్ల లేనివాళ్ళ శవపెట్టెను మేం గుడి లోపలికి తీసుకుపోము. అరుగు పక్కన షామియానా వేసి ప్రార్థన చేశారు. సెక్రటరీగా రెండు మాటలు చెప్పమంటే, ఓడల్లో పనిచేశారు, మంచి గొంతు, అందరితో కలుపుగోలుగా ఉండేవారు అని చెప్పాను. అన్నీ నిజాలే. వాటిలో ఆయన లేడు.

తర్వాతి మొదటి ఆదివారం వదిన బల్లకు లేవలేదు. ఆ పై నెలా లేవలేదు. ఆమెకు ఏ ఆటంకమూ లేదు, ఎవరూ ఆమెను ఆపలేదు. పాస్టరుగారు నన్ను పిలిచి, "ఒకసారి మాట్లాడి రండన్నా, మీరైతే ఇంట్లోవాళ్ళ లెక్క," అన్నారు.

పోయాను. ఈసారి సంచీ లేదు. వదిన వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆయన మిగిల్చిపోయిన నాలుగు సీసాలు కిటికీలో అలాగే ఉన్నాయి, తువ్వాళ్ళతో సహా. వచ్చిన పని చెప్పాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"ఆయన బైట కూచోనుంటే నేను లోపల తీసుకుంటానే ఉంటిని అబ్బయా. పాట టయానికి వస్తాడు గదాని ధైర్యం. ఇప్పుడు తీసుకుంటే ఆయన్ని ఆడ్నే వదిలేసినట్టుంటాది."

"అలా అనుకోకూడదు వదినా."

"అనుకోకుండా ఎట్ట." గింజ ఒకటి తీసి పక్కన వేసింది. "నువ్వు తీసుకో. నీకేం, తీసుకోగలవు."

అందులో దెప్పు కూడా లేదు. ఆ మనుషులిద్దరికీ దెప్పడం రాదు, అదే నాకు పట్టిన శిక్ష. లేచి నిలబడితే, "ఆ సీసాలు తీసుకోని పోరాదా, నేనేం చేసుకుంటా," అంది. పట్టపగలు నాలుగు సీసాలు పట్టుకుని రోడ్డు మీద నడవడం ఊహించుకుని, తర్వాత వస్తాను వదినా అన్నాను.

పాస్టరుగారికి ఏమని చెప్పను? ఆమె మాట చెబితే వెనకాల మొత్తం చెప్పాలి. మోకాళ్ళ నొప్పులంట, లేచి రాలేకపోతోంది అని చెప్పాను. ఆయన మంచివాడని చెప్పాను కదా. అయ్యో, ముందే చెప్పకూడదా అన్నా, మనమే ఆమె దగ్గరికి తీసుకుపోదాం అన్నారు.

ఇప్పుడు ప్రతి మొదటి ఆదివారం అందరిదీ అయ్యాక పాస్టరుగారు రొట్టె పట్టుకుని ఆడవాళ్ళ వైపు మూడో బెంచీ దగ్గరికి నడుస్తారు. వెనకాలే కప్పుల ట్రేతో నేను. గుడి అంతా తలలు తిప్పి చూస్తుంది. వదిన పాస్టరుగారికి దండం పెట్టి, వద్దంటుంది. తర్వాత నా ట్రే వైపు చూసి, విస్తట్లో ఇంక చాలన్నట్టు కప్పుల మీదుగా చెయ్యి అడ్డం పెడుతుంది. వచ్చేనెల తీసుకుంటారులే అని పాస్టరుగారు నాతో గుసగుసగా అంటారు. నేను తల ఊపి, ట్రే తీసుకుని వెనక్కి నడుస్తాను.